ఒక్క వాక్యంలో ఒప్పుకోలు

ప్రొటెస్టంట్ కేథలిక్‌గా చేరేటప్పుడు పలికే మాట క్షణాల్లో ముగుస్తుంది. జంషెడ్‌పూర్ వంటి చోట అది ఇంటినీ, చరిత్రనూ, చట్టాన్నీ తాకుతుంది

పలకడానికి పది సెకన్లు చాలు. పవిత్ర కేథలిక్ శ్రీసభ దేవుడు వెల్లడించినవిగా నమ్మి, బోధించి, ప్రకటించే వాటన్నిటినీ తానూ నమ్ముతున్నానని, ఒప్పుకుంటున్నానని అందరి ఎదుట చెప్పాలి. అంతే. అప్పటివరకూ లూథరన్‌గానో, బాప్టిస్టుగానో, ఉత్తర భారత చర్చి (సీఎన్ఐ) సభ్యుడిగానో ఉన్న వ్యక్తిని గురువు ఆ మాటతో కేథలిక్ సభలోకి స్వీకరిస్తాడు. ఆ వెంటనే నుదుట పరిమళ తైలంతో సిలువ గుర్తు వేస్తాడు. దాన్నే తెలుగు కేథలిక్కులు భద్రమైన అభ్యంగనం అంటారు. జార్ఖండ్ హిందీలో అది దృఢీకరణ సంస్కారం.

ఇంత చిన్న మాటకు జంషెడ్‌పూర్‌లో బరువెక్కువ. 1907లో టాటాలు ఉక్కు కంపెనీ పెట్టాక దేశం నలుమూలల నుంచీ వచ్చినవారితో పెరిగిన ఊరిది. వాళ్లతోపాటు వాళ్ల చర్చిలూ వచ్చాయి. ఛోటానాగ్‌పూర్ పల్లెల నుంచి వచ్చిన ఆదివాసుల్లో గోస్నర్ ఎవాంజెలికల్ లూథరన్ (జీఈఎల్) చర్చివారున్నారు, కేథలిక్కులున్నారు, సీఎన్ఐవారున్నారు. టోప్పో, కెర్కెట్టా, లక్రా వంటి గోత్రనామాలు అన్ని చర్చిల రిజిస్టర్లలోనూ కనిపిస్తాయి. 1962లో ఏర్పడిన జంషెడ్‌పూర్ కేథలిక్ మేత్రాసనానికి గోల్‌మురిలోని సెయింట్ జోసఫ్ చర్చి ప్రధానాలయం. 2011 జనగణన ప్రకారం జార్ఖండ్ జనాభాలో క్రైస్తవులు 4.3 శాతమే. అంత చిన్న సమాజంలో ఒకరు ఒక చర్చి నుంచి మరో చర్చికి వెళ్తే అది వాళ్ల సొంత వ్యవహారంగా మిగలదు. బంధువులు 'అటు వెళ్లిపోయాడు' అంటారు. చేర్చుకున్నవాళ్లు 'ఇటు వచ్చాడు' అంటారు. అయితే ఆ రోజు ఆ వ్యక్తి నిజంగా చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి అన్నది రెండు వైపులవారిలోనూ చాలామందికి తెలియదు.

పాతదాన్ని తిట్టనక్కర్లేదు

ఈ తంతుకు ప్రస్తుత రూపం 1972లో వచ్చింది. వాక్య పరిచర్య, ప్రసంగం ముగిశాక అభ్యర్థి తన జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లితో ముందుకు వస్తాడు. మొదట అందరితో కలిసి నైసియా విశ్వాస సంగ్రహం పలుకుతాడు. 325లో నైసియా సభలో రూపుదిద్దుకుని, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో విస్తరించిన ప్రకటన ఇది. లూథరన్లకూ, సీఎన్ఐవారికీ చిన్నప్పటి నుంచీ తెలిసిందే. అంటే మొదట పలికేది ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. ఆ తర్వాత అభ్యర్థి ఒక్కడే ఆ వాక్యం చెబుతాడు. కొత్తగా చేరేదంతా అందులోనే ఉంది.

ఒకప్పుడు ఇది ఇంత తేలిగ్గా జరిగేది కాదు. ట్రెంట్ మహాసభ ముగిసిన మరుసటి ఏడాది, 1564లో నాలుగో పయస్ పోప్ ఒక విశ్వాస ప్రమాణం జారీ చేశారు. ఏడు దేవద్రవ్యానుమానాలు, పూజలో అప్పద్రాక్షారసాల మార్పు, ఉత్తరించు స్థలం, పునీతుల వేడుదల, పోప్‌కు విధేయత... అన్నీ పేరుపేరునా ఒప్పుకోవాలి. ప్రొటెస్టంట్ నుంచి వచ్చేవారు పాత విశ్వాసం తప్పుడు బోధ అని ప్రకటించి దాన్ని విసర్జించాలి కూడా. పాత బాప్తిస్మం మీద అనుమానంతో షరతుమీద మరోసారి స్నానం ఇవ్వడమూ మామూలే. ఇంగ్లండ్‌లో ఆంగ్లికన్ మేధావి జాన్ హెన్రీ న్యూమన్ 1845 అక్టోబర్ 9న కేథలిక్‌గా చేరినప్పుడు ఆయనకూ అలాగే ఇచ్చారు. 2019లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు.

రెండో వాటికన్ మహాసభ ఈ దృష్టిని మార్చింది. సక్రమంగా బాప్తిస్మం పొందిన ప్రొటెస్టంట్లు అప్పటికే కేథలిక్ సభతో అసంపూర్ణమైనా నిజమైన బంధంలో ఉన్నారని 1964లో క్రైస్తవ ఐక్యతపై వెలువరించిన పత్రం చెప్పింది. ప్రొటెస్టంట్ ఇంట పుట్టి పెరిగినవారిని పాత విశ్వాసం విసర్జించమని అడగనక్కర్లేదని, విశ్వాస ప్రకటన చాలని 1967లో వాటికన్ మార్గదర్శకాలు తేల్చాయి. 1972 నాటి తంతు అయితే ఇంకో అడుగు ముందుకేసి, ఈ కార్యక్రమంలో విజయోత్సవపు ఛాయలు కూడా ఉండకూడదని హెచ్చరించింది. అవసరమైనదానికి మించి ఏ భారమూ మోపొద్దంది. అమెరికా కేథలిక్ బిషప్పులు 1980ల్లో చేసుకున్న నిబంధనల్లో ఇలాంటివారిని 'మతం మారినవారు' అనొద్దని, ఆ మాటను బాప్తిస్మం లేకుండా వచ్చినవారికే పరిమితం చేయాలని రాసుకున్నారు.

కాబట్టి జంషెడ్‌పూర్‌లో ఒక లూథరన్ ఆ వాక్యం పలికినప్పుడు తన తాతముత్తాతల చర్చిని శపించడం లేదు. తన బాప్తిస్మాన్ని రద్దు చేసుకోవడమూ లేదు. ఉన్నదానికి 'అవును' అంటూనే మరికొన్నిటికి 'అవును' అంటున్నాడు.

ఆ 'మరికొన్ని' ఏమిటి?

మాట చిన్నదైనా మినహాయింపులు లేనిది. 'అన్నిటినీ' అన్న పదమే దానికి గుండెకాయ. దివ్యబలిపూజలో అప్పం, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీరరక్తాలవుతాయన్నది అందులో ఉంది. బాప్టిస్టులకు అది ప్రధానంగా జ్ఞాపకార్థ భోజనం. లూథరన్లు క్రీస్తు అందులో నిజంగా ఉన్నాడని నమ్మినా కేథలిక్కుల వివరణ ఒప్పుకోరు. ప్రొటెస్టంట్లు సాధారణంగా బాప్తిస్మం, ప్రభువు బల్ల రెండే సంస్కారాలంటారు. కేథలిక్కులకు ఏడు. ప్రొటెస్టంట్ బైబిల్లో 66 పుస్తకాలైతే కేథలిక్ బైబిల్లో 73. మరియమాత జన్మపాపం లేకుండా ఉద్భవించిందన్న 1854 నాటి ప్రకటన, ఆత్మశరీరాలతో పరలోకానికి కొనిపోబడిందన్న 1950 నాటి ప్రకటన, విశ్వాస విషయాల్లో పోప్ అధికారికంగా నిర్ణయం ప్రకటించినప్పుడు పొరపాటుకు తావుండదన్న 1870 నాటి సిద్ధాంతం... ఇవన్నీ ఆ ఒక్క మాటలో వస్తాయి.

ఒకటి ఒప్పుకుని మరొకటి పక్కన పెడతానంటే కుదరదు. 'మరియమాత సంగతి తప్ప మిగతావన్నీ సరే' అనేవారిని ఇంకొంత కాలం ఆగమనే గురువు సలహా ఇస్తాడు. ప్రతి విషయమూ పూర్తిగా అర్థం కావాలని మాత్రం ఎవరూ పట్టుబట్టరు. అర్థం కానివాటిలోనూ సభ మీద నమ్మకం ఉంచుతున్నానన్నదే ఈ మాట సారం. సొంతంగా బైబిల్ చదివి మంచిచెడ్డలు తేల్చుకోవాలని నేర్చుకుంటూ పెరిగిన బాప్టిస్టుకు మరియమాత కన్నా కష్టమైన మెట్టు ఇదే.

మరోవైపు, చాలామంది భయపడేవి ఇందులో లేనేలేవు. 'దేవుడు వెల్లడించినవి' అన్న హద్దు ఆ వాక్యంలోనే ఉంది. జపమాల రోజూ చెప్పాలన్న షరతు లేదు. విజయవాడ గుణదల కొండెక్కి తలనీలాలు ఇవ్వాలని గానీ, వేలాంగణి వెళ్లి మొక్కు చెల్లించాలని గానీ ఎవరూ అడగరు. అవి భక్తి మార్గాలే తప్ప విశ్వాస సూత్రాలు కావు. గురువుల బ్రహ్మచర్యం కూడా క్రమశిక్షణ నియమమే. బిషప్పులు, విచారణ గురువులు పదవి చేపట్టేటప్పుడు 1989 నుంచి చెప్పే ప్రమాణంలో సభ అధికార బోధనకు కట్టుబడే అదనపు పేరాలుంటాయి. కొత్తగా చేరేవారితో వాటిని పలికించరు.

లూథరన్లకు సంబంధించి మరో మార్పూ వచ్చింది. మార్టిన్ లూథర్ 1517లో లేవనెత్తిన వివాదానికి మూలం మనిషి దేవుని ఎదుట నీతిమంతుడయ్యేది ఎలా అన్న ప్రశ్న. దాని మూల సత్యాలపై ఏకాభిప్రాయం ఉందంటూ వాటికన్, లూథరన్ ప్రపంచ సమాఖ్య 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. రాంచీ కేంద్రంగా ఉన్న జీఈఎల్ చర్చి ఆ సమాఖ్య సభ్యురాలే. అంటే విశ్వాసం ద్వారా దేవుని కృపతోనే రక్షణ అని నేర్చుకున్న జార్ఖండ్ లూథరన్ దాన్ని గడప బయట వదిలి రానక్కర్లేదు.

మళ్లీ అభ్యంగనం ఎందుకు?

ఎక్కువ గుచ్చుకునే ప్రశ్న ఇది. సీఎన్ఐ, లూథరన్ యువత చాలామంది తమ చర్చిలో తరగతులకు వెళ్లి, అందరి ఎదుట నిలబడి దృఢీకరణ పొందినవారే. బాప్తిస్మం చెల్లినప్పుడు అది మాత్రం ఎందుకు చెల్లదు?

బాప్తిస్మానికి నీళ్లు, త్రిత్వ నామం, సరైన ఉద్దేశం ఉంటే ఎవరిచ్చినా చెల్లుతుందన్నది కేథలిక్ సిద్ధాంతం. అభ్యంగనం అలా కాదు. అపొస్తలుల నుంచి తెగకుండా వచ్చిన బిషప్పుల పరంపరలో అభిషేకం పొందినవారే అది ఇవ్వగలరని కేథలిక్కులు నమ్ముతారు. ప్రొటెస్టంట్ చర్చిల్లో ఆ పరంపర తెగిందని వాళ్ల అభిప్రాయం. ఆర్థొడాక్స్ చర్చిల్లో తెగలేదని ఒప్పుకుంటారు కాబట్టి అక్కడి నుంచి వచ్చేవారికి మళ్లీ అభ్యంగనం ఉండదు. విశ్వాస ప్రకటన చాలు. ఉమ్మడి ప్రకటనలు ఎన్ని వచ్చినా ఇంకా తీరని పేచీ ఇక్కడుంది.

మరో విశేషం. కేథలిక్ ఇంట పుట్టిన పిల్లలకు లాటిన్ సంప్రదాయంలో మామూలుగా బిషప్పే అభ్యంగనం ఇస్తారు. ఆయన విచారణకు వచ్చేదాకా ఆగాలి. ప్రొటెస్టంట్‌ను చేర్చుకునే అధికారం పొందిన గురువుకు మాత్రం ఆ వ్యక్తికి అభ్యంగనం ఇచ్చే అధికారం కూడా 1983 నాటి కేథలిక్ ధర్మశాస్త్రమే ఇచ్చింది. అందుకే విశ్వాస ప్రకటన, అభ్యంగనం, తొలి దివ్యసత్ప్రసాదం ఒకే పూజలో వరసగా జరిగిపోతాయి. వాడే తైలాన్ని మాత్రం బిషప్పే పవిత్ర వారంలో ప్రతిష్ఠించి ఉంటారు.

అయితే బాప్తిస్మం విషయంలోనూ అన్నీ సాఫీగా సాగవు. ఏ శాఖకూ చెందని స్వతంత్ర ప్రార్థనా మందిరాల నుంచి వచ్చేవారి సంఖ్య పెరిగే కొద్దీ గురువులు ముందుగా అడగాల్సింది, బాప్తిస్మం ఏ పేరుతో ఇచ్చారని. తండ్రి, కుమార, పవిత్రాత్మ నామంలో కాక 'యేసు నామంలో' మాత్రమే ఇచ్చిన బాప్తిస్మాన్ని కేథలిక్ సభ లెక్కలోకి తీసుకోదు. అలాంటివారికి జ్ఞానస్నానం నుంచే మొదలు. తేల్చలేని సందేహం ఉంటే షరతుమీద, ఆర్భాటం లేకుండా ఇస్తారు.

నేల కోసం మారినవాళ్లు

ఛోటానాగ్‌పూర్‌లో ఈ రాకపోకలకు 150 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో న్యూమన్‌కు అభ్యంగనం జరిగింది 1845 నవంబర్ 1న. ఆ మర్నాడే నలుగురు జర్మన్ మిషనరీలు రాంచీ చేరుకున్నారు. వాళ్లను పంపిన యోహన్నెస్ గోస్నర్ ఒకప్పటి కేథలిక్ గురువు. 1826లో ఆయన ఎదురు దిశలో ప్రొటెస్టంట్‌గా మారారు. 1850లో నలుగురు ఉరావ్‌లు బాప్తిస్మం తీసుకోవడంతో జీఈఎల్ చర్చికి పునాది పడింది. 1869లో మిషన్‌లో చీలిక వచ్చి కొందరు ఆంగ్లికన్లలో కలిశారు. నేటి సీఎన్ఐ ఛోటానాగ్‌పూర్ డయోసిస్‌కు మూలం అక్కడుంది.

1885లో బెల్జియం జెసూట్ కాన్‌స్టాంట్ లీవెన్స్ వచ్చాక లెక్కలు తారుమారయ్యాయి. ముండాల అసలు సమస్య భూమి అని ఆయన గ్రహించారు. కౌలు చట్టాలు చదివి, జమీందార్ల మీద కోర్టు కేసుల్లో రైతులకు అండగా నిలిచారు. కొన్నేళ్లలోనే వేలకు వేలమంది కేథలిక్కులయ్యారు. వారిలో అప్పటికే లూథరన్లుగా ఉన్నవారూ ఉన్నారు. సిద్ధాంతాలు సరిపోల్చుకుని మారినవాళ్లు కారు వాళ్లు. తమ పొలం కాపాడేవాడి వెంట నడిచారు. బిర్సా ముండా చిన్నతనంలో చాయిబాసా జర్మన్ మిషన్ స్కూల్లో చదివారు. భూమి పోరాటంలో మిషనరీలు తమతో లేరన్న ఆగ్రహం పెల్లుబికిన 1890 ప్రాంతంలో ఆయన కుటుంబం ఆ మిషన్ సభ్యత్వం వదులుకుంది. లీవెన్స్ 1893లో చనిపోయారు. ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం 1908లో వచ్చింది.

ఆ చరిత్ర వల్లే ఈ ప్రాంతంలో చర్చి మారడమంటే పక్షం మారడమన్న భావన స్థిరపడింది. నేటి తంతు దానికి పూర్తి భిన్నమైనదాన్ని కోరుతోంది. స్కూల్లో సీటు, ఆస్పత్రిలో ఉద్యోగం, పెళ్లి సంబంధం... ఏదైనా ఆ వ్యక్తిని గుమ్మం దాకా తెచ్చి ఉండొచ్చు. గుమ్మం దాటించాల్సింది మాత్రం విశ్వాసమే.

మారే తెలుగు

జంషెడ్‌పూర్ కార్మికవాడల్లో తరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ మార్పు నోటిమాటలోనే తెలుస్తుంది. వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. విశాఖపట్నానికి 1805లోనే లండన్ మిషనరీ సొసైటీ ప్రొటెస్టంట్లు వచ్చారు. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన కేథలిక్ గురువులు వచ్చారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో మొదలుపెట్టి ఉత్తరానికి విస్తరించారు. ఒకే బైబిల్‌కు రెండు తెలుగులు అలా పుట్టాయి.

ప్రొటెస్టంట్ల పరిశుద్ధాత్మ కేథలిక్కులకు పవిత్రాత్మ. బాప్తిస్మం జ్ఞానస్నానమవుతుంది. ప్రభురాత్రి భోజనం దివ్యసత్ప్రసాదమవుతుంది. పౌలు గారు పునీత పౌలు గారవుతారు. సంఘం శ్రీసభ అవుతుంది, పాస్టరు గారి స్థానంలో ఫాదర్ గారు వస్తారు. పాపసంకీర్తనం, అవస్థాభ్యంగనం వంటి మాటలైతే కొత్తగా నేర్చుకోవాల్సిందే. అభ్యంగనానికి ముందు చేయాల్సిన మొదటి పాపసంకీర్తనం చాలామందికి సభ ఎదుట పలికే మాటకన్నా గట్టి పరీక్ష. దేవునికి నేరుగా చెప్పుకోవడం అలవాటైనవారు ఒక మనిషి పక్కన కూర్చుని చెప్పుకోవాలి.

రెండు బల్లలు

అసలు బాధ మాత్రం ఆ తర్వాతి ఆదివారం మొదలవుతుంది. కొత్తగా కేథలిక్ అయిన వ్యక్తి తల్లితో కలిసి ఆమె చర్చికి వెళ్లొచ్చు, పాటలు పాడొచ్చు, ప్రార్థించొచ్చు. ఆమెతోపాటు అక్కడి బల్ల దగ్గర మాత్రం చేయి చాపకూడదు. ఆమె కేథలిక్ పూజకు వస్తే మామూలు పరిస్థితుల్లో ఆమెకూ సత్ప్రసాదం ఇవ్వరు. తంతులో పాత చర్చిని ఒక్క మాట అనకపోవచ్చు, ఈ ఖాళీ చెయ్యి మాత్రం ఎన్నో మాటలంటుంది. ఇళ్లలో వచ్చే కన్నీళ్లు సిద్ధాంతాల మీద కన్నా దీని మీదే ఎక్కువ.

పెళ్లి కోసం మారక తప్పదన్నది మరో అపోహ. లూథరన్‌గా ఉంటూనే కేథలిక్‌ను పెళ్లాడటానికి బిషప్ అనుమతి చాలు. తన విశ్వాసం నిలుపుకుంటానని, పిల్లలను కేథలిక్కులుగా పెంచడానికి శక్తిమేరకు ప్రయత్నిస్తానని మాట ఇవ్వాల్సింది కేథలిక్ భాగస్వామి. అవతలివారికి ఆ మాట సంగతి తెలిస్తే చాలు. అలాగే విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లాడినవారు చేరాలంటే ముందు ఆ మొదటి పెళ్లి సంగతి చర్చి న్యాయస్థానంలో తేలాలి. ప్రభుత్వ కోర్టు విడాకులు అక్కడ సరిపోవు.

చట్టం దృష్టిలో

జార్ఖండ్‌లో 2017 నుంచి మత స్వేచ్ఛ చట్టం అమల్లో ఉంది. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మారిస్తే మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. మారినవారు మహిళలు, మైనర్లు, ఎస్సీ, ఎస్టీలైతే నాలుగేళ్లు, లక్ష రూపాయలు. మతమార్పిడి తంతుకు జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి. అయితే ఒక మతాన్ని వదిలి మరో మతం స్వీకరించడం గురించే ఆ చట్టం మాట్లాడుతుంది. జనగణన కాగితంలో లూథరన్‌కూ కేథలిక్‌కూ ఉన్నది ఒకటే గడి. ఆ లెక్కన ఇది చట్టం చెప్పే మార్పిడిలోకి రాదని వాదించొచ్చు. మతమార్పిడి మాటెత్తితేనే పోలీసు ఫిర్యాదులు వచ్చే రోజుల్లో, ఆ తేడాను స్టేషన్లో వివరించాల్సి వచ్చే పరిస్థితిని మాత్రం ఎవరూ కోరుకోరు.

రిజర్వేషన్లలోనూ తేడా రాదు. ఎస్టీ హోదాకు మతంతో పని లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఏ చర్చిలో ఉన్నా ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వారు బీసీ-సి కిందికి వస్తారు.

అంటే ప్రభుత్వ రికార్డుల్లో ఏమీ మారదు. కులం సర్టిఫికెట్ మారదు, ఇంటిపేరు మారదు, బాప్తిస్మం తేదీ కూడా మారదు. ఈ చేరిక వల్ల లాభం చూపించమంటే చూపించడానికి ఏమీ లేని పరిస్థితి. లీవెన్స్ కాలంలో ఆ మాట వెనక పొలం గట్టుంది. ఇప్పుడు ఆ మాట తప్ప మరేమీ ఉండకూడదని సభ అడుగుతోంది. అందుకే తొందరపడొద్దని, చేరేవారికి అవసరమైనంత సమయం ఇవ్వాలని గురువులకు చెబుతారు. పది సెకన్ల మాటే అయినా, అది పలికేవారికి తెల్లవారి లేచాక తల్లి చర్చి గంట వినబడుతూనే ఉంటుంది.